థీసిస్‌ల గది తాళం

డీన్ గారి గది. వారంలో పదవీ విరమణ చెయ్యవలసిన లైబ్రేరియనమ్మను ఆయన ఇంకా కూర్చోమనలేదు.

"ఆర్నెల్లు పొడిగిస్తే ఏం చేస్తారమ్మా? ఇంకో ఆర్నెల్లు దుమ్ము దులుపుతారు. అంతేగా?"

"దుమ్ము దులిపేది నేను కాదు సార్. నేను..."

"తెలుసు, తెలుసు. అట్టలకు నంబర్లు అంటిస్తారు. దానికో డిగ్రీ, దాని మీద ఇంకో డిగ్రీ! మా ఆవిడ వంటింట్లో డబ్బాలు సర్దుకుంటుంది, ఏ డిగ్రీ లేకుండానే."

"ఏ డబ్బా ఎక్కడుందని ఊరంతా వచ్చి ఆవిణ్ణి అడగరు కదా సార్."

"ఇదిగో, ఈ వెటకారమే వద్దనేది. మీ దగ్గరికి మాత్రం ఎవరొస్తున్నారు, ఫ్యాను కింద కునుకు తీసేవాళ్ళు తప్ప? లైబ్రేరియన్ అంటే ఇప్పుడు బీరువాల కాపలా కాదమ్మా. అందుకే కొత్తాయన్ని తెచ్చాను. లైబ్రరీ సైన్సు చదవలేదు, కంప్యూటర్లు చదివాడు. థీసిస్‌లో ఏ వాక్యం ఎక్కణ్ణించి ఎత్తుకొచ్చారో చిటికెలో చెప్పేస్తాడు. మీకు చేతనవునా?"

"చేతకాదు సార్."

"అదీ సంగతి. ఇక పొడిగింపు మాటెత్తకండి."

"ఎత్తను. కానీ థీసిస్‌ల గది అప్పగింతలకైనా..."

"ఆ గదిలో ఏముందమ్మా, ఎలకలు తప్ప?"

"మన విశ్వవిద్యాలయం ఇచ్చిన డాక్టరేట్లన్నీ అందులోనే ఉన్నాయి సార్. నేనెప్పుడూ తెరిచి చదవలేదు. మీరన్నట్టు, నంబరంటించి పెట్టేదాన్ని."

"మరింకేం, తాళం అతని చేతిలో పడెయ్యండి."

"పోయిన వారమే ఇచ్చేశాను. పట్టుబట్టి అడిగాడు. అప్పట్నుంచీ ఆ గదిలోంచి బయటికొస్తే ఒట్టు."

"చూశారా! పనంటే అదీ. ఈ కుర్రకారు కాపీల ఆటలిక సాగవు."

"కుర్రకారు సంగతి తర్వాతన్నాడు సార్. పాతవాటితో మొదలుపెట్టాడు."

"పాతవా? ఎంత పాతవి?"

"టైపు మిషను కాలంవి."

"వాటి జోలికి ఎవరు పొమ్మన్నారు?"

"మీ ఉత్తర్వే చూపించాడు సార్. గదిలో ఉన్న థీసిస్‌లన్నీ పరీక్షించాలని ఉంది."

"అన్నీ అంటే... అన్నీ అని కాదమ్మా! కూర్చోండి, కూర్చోండి, నిలబడ్డారేం? ఎందాకా వచ్చాడు?"

"మీ థీసిస్ సంవత్సరం దాటాడు సార్."

"దాటాడా? దాటాడూ... ఏమీ అనలేదుగా?"

"నంబర్లు అంటించేదానితో ఏమంటాడు సార్? మీకంటే ముందు మీ విషయం మీదే ఎవరో రాశారట, ఆ థీసిస్ తీసిమ్మన్నాడు. తీసిచ్చాను."

"అమ్మా, మీ పొడిగింపు కాగితం ఇలా ఇవ్వండి. ఆర్నెల్లేం ఖర్మ, ఏడాది రాస్తాను. అతన్ని ఇవాళే వెనక్కి పంపించేద్దాం. అయినా లైబ్రరీ సైన్సు చదవనివాడికి లైబ్రరీ ఎలా అప్పగిస్తామండీ? చదువుకున్న చదువుకు ఓ విలువుండాలా, వద్దా?"

"ఆ మాటేదో అతనితోనే అనండి సార్. రెండు థీసిస్‌లు ఒళ్ళో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నాడు. మీ పని చిన్నదేగా మేడం, ముందు మీరు వెళ్ళిరండన్నాడు."