అద్దం తప్పా, చుక్క తప్పా

ఏమే, ఆ ఫోను ఆకాశం మీదకి ఎత్తిపట్టి ఏం వెతుకుతున్నావు? దక్షిణాన కిందుగా దగదగలాడుతోందే, అదేనా? ఏమంటోంది నీ ఫోను? ఒకటి కాదు, మూడు చుక్కలంటోందా! ఇప్పుడు చెప్పిందా పాపం. మా అక్క ఎప్పుడో చెప్పింది. మూడు కాదులే, రెండు. అబద్ధమెందుకు, మూడోది ఆవిడకీ కనపడలేదు. నవ్వకు, కూర్చో. మీ నాన్న పెళ్ళికి ముందే పోయింది, నువ్వు చూళ్ళేదు. కళ్ళద్దాల కొట్లో పని మా ఇద్దరికీ. నేను ముందు గదిలో ఫ్రేములు బిగించేవాణ్ణి, ఆవిడ వెనక గదిలో చక్రం ముందు కూర్చుని అద్దాలు అరగదీసేది. చేతులనిండా అద్దాలకి మెరుగుపెట్టే ఎర్రపొడి. ఎంత కడిగినా గోళ్ళలోంచి పోదు. "చూసినవాళ్ళు నెత్తురనుకుంటారే" అని మా అమ్మ తిట్టేది. అమ్మకి అన్నిటికీ భయమేలే, ఓసారి పిల్లి తుమ్మిందని... సరే, అదెందుకిప్పుడు. ఏం చెప్తున్నాను? ఆఁ, చుక్క.

కాలేజీలో ఒక లెక్కల మేష్టారుండేవారు. చుక్కలంటే సరదా, అందుకని చుక్కల మేష్టారనేవాళ్ళం. ఆయన దుర్భిణిలో ముందు అద్దం పగిలింది. బయటినుంచి తెప్పిస్తే ఏడాది పడుతుందని మా ఓనరు దగ్గరకొచ్చారు. ఓనరుకి గొప్పలెక్కువ, "మా కొట్లో కాని పనుందాండీ!" అనేశాడు, అని అక్క నెత్తిన పడేశాడు. అరచేతంత అద్దం, ఐదు వారాలు అరగదీసింది. తీరా పట్టుకెళ్ళిన మూడో రోజుకే మేష్టారు మొహం గంటు పెట్టుకుని తిరిగొచ్చారు. "ఏమండీ, ఆ పెద్ద చుక్క మీద పెడితే రెండు కనపడుతున్నాయి! పదేళ్ళుగా చూస్తున్నాను, నా పాత అద్దంలో ఒకటే. మీ అద్దం గానీ తాగిందా?" కొట్టునిండా జనం. ఒకాయనైతే తన కళ్ళజోడు తీసి అటూ ఇటూ అనుమానంగా చూసుకోడం మొదలెట్టాడు. ఓనరు ఊరుకుంటాడా? అక్కని పిలిచి, "రేపట్నుంచి జోళ్ళు పెట్టెల్లో సర్దుకో అమ్మాయ్, చక్రం ముట్టుకోకు" అన్నాడు. తొమ్మిదేళ్ళ పని. ఒక్క మాటతో సరి.

ఇంకొకరైతే ఏడ్చేవారు. మా అక్క చేతులు తుడుచుకుంటూ ఏమందో తెలుసా? "తిప్పి చూశారా, మేష్టారూ?" అంది. అది మా కొట్టు మాటే. అద్దంలోంచి కిటికీ ఊచని చూస్తూ అద్దాన్ని తిప్పుతాం. అద్దంతోపాటు ఊచా ఊగిందంటే తప్పు అద్దానిది. ఊగలేదంటే, ఎలా కనపడుతోందో ఊచ అలాగే ఉన్నట్టు. "ఏం తిప్పమంటావమ్మా, ఆకాశాన్నా?" అన్నారాయన వెటకారంగా. "ఆకాశం మీకెందుకండీ, అద్దాన్నే." ఆ సాయంత్రం చుక్కలు పొడుస్తూండగానే కాలేజీ మేడెక్కింది. నేను వెళ్ళలేదు, ఇదంతా తర్వాత మేష్టారు చెప్పిందే. ఆయన కన్ను పెట్టి చూస్తుంటే ఈవిడ గొట్టం చివర అద్దాన్ని మెల్లిగా తిప్పిందిట. "కదిలాయా అండీ?" "లేదు." ఇంకో చుట్టు. "ఇప్పుడో?" "లేదమ్మా." "అయితే ఉన్నవే రెండు. ఇన్నాళ్ళూ అబద్ధమాడింది మీ పాత అద్దం." అలాగే అందిట, మొహాన్నే! ఆయనా మంచివాడు. పరుగున కిందకి దిగి పుస్తకం తీశారు. జంట చుక్కేనని అచ్చులో ఉంది. మసకది ఇంకోటి కూడా ఉందనీ, అది అంత తేలిగ్గా కనపడదనీ ఉంది. మర్నాడు కొట్టు తెరవగానే వచ్చి అందరి ముందూ "పొరపాటు నాదే తల్లీ" అన్నారు. ఓనరు అప్పటికప్పుడు మాట మార్చి, "మా అమ్మాయి చేతిలో తప్పు రావడమా!" అన్నాడు. ఆ ఊళ్ళో జోడు పెట్టుకున్న ప్రతివాడూ మా అక్క చేతి పనిలోంచే లోకాన్ని చూశాడే. నాకు గర్వం. ఉండదూ మరి?

నేనెక్కడున్నానంటావా అప్పుడు? చక్రం దగ్గర. అక్క కుర్చీలో. పొద్దున్నే ఓనరు కూర్చోమన్నాడు, కూర్చున్నాను. తొమ్మిదేళ్ళు ఆవిడ పని పక్కనుండి చూసినవాణ్ణి, మేష్టారు తప్పనగానే తప్పే అనుకున్నాను. ఆవిడ లోపలికొచ్చి నన్ను చూసి, "లేవరా, మేష్టారికి ఇంకో అద్దం కావాలిట" అంది. అంతే. చచ్చేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తి రెండు తిట్టినా బావుండేది.

మంచు పడుతోంది. లోపలికి పద.