హంసాబెన్‌కు పెట్టిన ఎర్ర బర్ఫీ

“తాతా, ఎర్ర మిఠాయంటె ఫోన్‌ల గుడ గట్ల మొఖం తిప్పుకుంటవేంది?”

ఏం చెప్పాలె బిడ్డా, చెప్తె నా ఇజ్జతే పోతది. సరే, ఇను. కరోనా వచ్చిన ఏడు. మీ నాయినమ్మ పెండ్లికని కరీంనగర్ పొయి గాడనే ఇరుక్కపాయె. నేను గీ సూరత్‌ల ఒక్కన్నే. పాండేసరల మా రంగుల మిల్లు బందు. గప్పుడు ఎదురింటి హంసాబెన్, జైనులామె, రోజు గడప ముందట రొట్టె, పప్పు పెట్టిపోయేది. ఊకె తినుడంటె నాకేమో నామోషీ.

వాళ్ల పండుగకు ఆమె ఎనిమిది దినాలు ఉత్త వేడినీళ్ల మీద ఉపాసమున్నది. ఉపాసం ఇడిసేటప్పుడు తినవెట్టినోళ్లకు పుణ్యమట. నేను బర్ఫీ చేసిన. రంగు... ఆఁ, మామూలు రంగు ఎయ్యబుద్ధి కాలె. జిందగంత రంగు కలిపినోన్ని గదా, గా పొడులు నా చేతుల తోలు ఎట్ల తిన్నయో నాకెరుకె. అందుకే పిరమైనా సరే, కుద్రతీ రంగని, అంటె ప్రకృతిల దొరికేదని, బయటిదేశం సీస తెచ్చిన. పూలదో కాయలదో అనుకున్న. ఆమె అడిగింది కూడ, ఇందుల ఏమేసినవని. పాలు, చక్కెర, కుద్రతీ రంగు, కెమికల్ చుక్క లేదని ఛాతి ఇరుసుకోని చెప్పిన. మొదలు పెసర నీళ్లు తాగింది, ఎనక నా చేతి ముక్క తిన్నది.

రంగు మస్తుగుంది కాకా, మేం గుడ తెచ్చుకుంటం, సీస చూపియ్యమని వాళ్ల బిడ్డ అడిగింది. సీస ఎనక చిన్నగ ఆ రంగు నంబరుండె. వాళ్లు గసొంటియి చూసుకునే కొంటరు. ఆ నంబరు ఫోన్‌ల చూసి, మెల్లగ చెప్పింది. పురుగులను ఎండవెట్టి నూరి తీస్తరట గా ఎరుపు. నేనూకుంటినా? రంగుల సంగతి నాకే చెప్తవా అని, మాస్కు కిందికి గుంజి, పోరి మీద ఎగిరిన. చీమను తొక్కకుండ నడిచే మనిషికి పురుగు తినవెట్టి, మళ్ల లొల్లి నాదే. థూ, నా బతుకు.

హంసాబెన్ తెల్లారి మళ్ల ఉపాసం పట్టింది, నా బర్ఫీకి ప్రాయశ్చిత్తం. గా పండుగకు ఒగలనొగలు మాఫీ అడుగుకునే రివాజున్నది బిడ్డా వాళ్లల్ల. సాయంత్రం గోడ వట్టుకుంట ఆమెనే నా తలుపు కాడికొచ్చింది. చేతులు జోడిచ్చి అన్నది, “నా వల్ల నీ మనసు నొచ్చుకుంటె మాఫ్ చెయ్యి భాయ్.”

నన్ను అడిగింది! మాఫీ అడగాల్సింది నేను... నా నోరు లేవనే లేదు. తల కిందికేసుకోని నిలవడ్డ. ఆమె పొయినంక గుడ గట్లనే నిలవడ్డ.

ఇగ చాలు, బందు చెయ్యి ఫోను. సల్లగుండు బిడ్డా. నీ నోట్లకెల్లన్న గా మాఫీ మాట తొందరగ రావాలె.