అనాసపళ్ళ బుట్ట, ఎడమ మోకాలు

“తాతా, కొండ పరుగులకెళ్ళే రోజుల్లో నీకూ మోకాలు నొప్పుండేదంట గదా? ఎలా తగ్గింది?” అని అడిగింది మనవరాలు పావని.

ఎవరు చెప్పేరే నీకు, మీ నాన్నమ్మా? తగ్గడమేటి, అదేవైనా జొరమా? చుట్టం లాంటిదది. ఎల్లిపోయిందని మనం మంచం ఎత్తేసేసరికి మళ్ళీ సంచీ పట్టుకుని గుమ్మంలో ఉంటాది. రా, ఇలా కూచో. కాలు చాపుకో. ఎందుకలా ముడుచుకుంటన్నావు? సరేలే, నాను చూడ్నులే.

అప్పటికి నాను బీఎస్సీ పాసై పోర్టులో గుమస్తాగా చేరేను. పాసంటే... రెండోసారికి. మీ నాన్నకి చెప్పకు. పగలంతా ఓడల కాగితాలు రాయడం, తెల్లారగట్ల సింహాచలం మెట్ల మీద పరుగు. వెయ్యి మెట్లు. ఎందుకంటే మా ఆఫీసు జట్టు కొండ పరుగుకి వెళ్ళేది. కొండెక్కి మళ్ళీ దిగి రావాలి. జట్టులో ఒక్క ఖాళీ, దానికి ఇద్దరం. నానూ, అప్పల్రాజూ. అదే, మీ నాన్నమ్మ అన్న. అప్పటికి మా పెళ్ళి కాలేదు గదా, ఉత్త అప్పల్రాజే. గుర్రం కాళ్ళు, మైకు సెట్టు నోరు.

నాకు ఎడమ మోకాలు. ఎక్కేటప్పుడు పువ్వులాగుండేది, దిగొచ్చిన సాయంత్రానికి బూరెలాగ పొంగేది. వారం మానేస్తే తగ్గేది. తగ్గింది గదా అని పరిగెడితే మళ్ళీ బూరె. డాక్టరు విశ్రాంతి అన్నాడు. బుద్ధిగా తలూపేను, మర్నాడు మెట్ల దగ్గరున్నాను. ఇంట్లో లుంగీ కింద గుడ్డ కట్టుకుని, మా అమ్మ ముందు కుంటకూడదని అడుగులో అడుగేసుకుంటూ నడిచేవాణ్ణి. అక్కడే దొరికిపోయేను. “ఈ గుంటడు ఇంత బుద్దిగా నడుత్తన్నాడేటి?” అని ఆవిడకి అనుమానం. లుంగీ ఎత్తి చూసేసింది.

ఇంకేటుంది! “అప్పన్న తండ్రీ, నా కొడుకు మోకాలు బాగయితే నీ మెట్లన్నిటికీ పసుపు రాయిత్తాను” అని మొక్కేసింది. రాసేదెవరు? ఆవిడ మోకాళ్ళు అప్పటికే సెలవు మీదున్నాయి. నానే! “తగ్గేక గదమ్మా మొక్కు తీర్చాలి” అంటే, “ముందే తీర్చేత్తే ఆయనకి మొగమాటం ఉంటాదిరా” అన్నాది. దేవుణ్ణి కూడా ఇరకాటంలో పెట్టే మనిషి.

సరే, ఆదివారం పసుపు కలుపుకుని ఎల్లేను. మెట్టుకోసారి వంగడం, పసుపు రాయడం, బొట్టు పెట్టడం. అదంతా ఎక్కువ ఆడవాళ్ళ మొక్కు గదా, “ఏ పిల్ల కోసం బాబూ?” అని ఒకటే నవ్వులు. పైకి చేరేసరికి మధ్యాహ్నమైపోయింది.

మర్నాడు సన్నగా తుంపర. మొక్కు తీరింది, ఇంకేటి భయమని రివ్వున ఎక్కి, రివ్వున దిగుతన్నాను. కాలి కింద పసుపు. ఎవరు రాసిందనుకున్నావు? నా చేత్తో నాను రాసిందే! జర్రున జారి నాలుగు మెట్లు కిందన కూలబడ్డాను. ఒళ్ళంతా పసుపు, పెళ్ళికొడుకులాగ. నవ్వకే. నవ్వు, పర్లేదు.

అప్పుడొచ్చింది సిమ్మాద్రమ్మ. కొండ మీద తోటల్లోంచి అనాసపళ్ళు బుట్టలో నెత్తిన పెట్టుకుని దించి, కిందన అమ్మేది. మా అమ్మంత వయసు. బుట్ట కూడా దించలేదు, ఆగి నా మోకాలు చూసింది. “సదువుకున్నోడివేనా? ఎక్కడానికి ఒల్లుంటే సాలు బాబూ, దిగడానికి బుద్దుండాల. నీ కాలికి ఎక్కడం పడతాది, దిగడం పడదు. నొప్పి తగ్గేదాకా నడిసెక్కు, బస్సులో దిగు” అన్నాది.

ఇన్ని పుస్తకాలు చదివేను, ఆ ముక్క నాకెందుకు తట్టలేదో! రెండు నెలలు అలగే చేసేను. టిక్కెట్టు అర్ధరూపాయో... కాదు, ముప్పావలా. ఆ డబ్బుకి అప్పుడు మినపట్టొచ్చేది, అల్లప్పచ్చడితో. అప్పల్రాజు నాకు ‘బస్సు చాంపియన్’ అని పేరెట్టేడు.

పొంగడం ఆగిపోయింది. అప్పుడు సిమ్మాద్రమ్మ ఏం చేసిందో తెలుసా? బుట్ట తీసి నా నెత్తిన పెట్టింది. “నా ఎనకాల దిగు” అన్నాది. నెత్తిన బుట్టుంటే గెంతలేవే. అడుగు చిన్నదవుతాది, మోకాలు కొంచెం వంగుతాది, పాదం మెల్లిగా ఆనుతాది. గెంతేవా, పండు నీకంటే ముందు కిందకెళ్ళిపోతాది. మొదటిరోజు మూడు పళ్ళు నాకంటే ముందెల్లేయి.

సరిగ్గా ఆరోజే అప్పల్రాజు చూసేడు. మైకు సెట్టు గదా! “బీఎస్సీ చదివి అనాసపళ్ళు అమ్ముకుంటన్నాడు” అని పోర్టంతా చాటేసేడు. మా ఆఫీసరు పిలిచి, “పండెంత?” అని అడిగేడు.

ఆ ఖాళీకి మా ఇద్దరికీ పోటీ పెట్టేరు. ఎక్కడంలో వాడే ముందు. పైనుంచి నాకు చెయ్యి కూడా ఊపేడు. దిగడంలో మెట్టు విడిచి మెట్టు గెంతుకుంటూ ఎల్లి, సగంలో మోకాలు పట్టుకుని కూచుండిపోయేడు. నాను నెత్తిన బుట్టున్నట్టే చిన్న చిన్న అడుగులేసుకుంటూ పక్కనుంచి ఎల్తూ, “బావా, బస్సుంది” అన్నాను. ఏ వేళప్పుడన్నానో గానీ, తరవాత నిజంగానే బావైపోయేడు.

అసలు పరుగులో గెలిచేనా? పదకొండోవాణ్ణి. కానీ మర్నాడు మోకాలు పొంగలేదే. అదే నా కప్పు.

ఇప్పుడు నీ సంగతి. సీతమ్మధార డాక్టరు నీకు ఆరు వారాలు పరుగొద్దన్నాడు. నాలుగే అయ్యాయి. ఈ ఆదివారం కొండ పరుగుకి దొంగతనంగా మీ కోచ్‌కి పేరిచ్చేసేవు. నాకెలా తెలుసా? నిన్నట్నుంచీ నువ్వు మరీ బుద్ధిగా నడుస్తన్నావు!

నాను ఒద్దంటే నువ్వు మానవు. మానితే నా మనవరాలివే కాదు. ఒక పని చెయ్. ఆ ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి నెత్తిన పెట్టుకో. ఒక చెయ్యి చెంబుకి, ఒకటి గోడకి. మన మేడమెట్లు పన్నెండు. చుక్క ఒలక్కుండా దిగేవా, ఆదివారం పరిగెట్టు, మీ అమ్మకి చెప్పను. ఒలికిందా, మానీ. ఒప్పుకున్నావా? ఎల్లు మరి. బేగి కాదు, నెమ్మదిగా. ఒకటి... రెండు...

ఏటే ఆ చప్పుడు! మూడో మెట్టుకే? చెంబు నీకంటే ముందెల్లిపోయిందా! మోకాలు కలుక్కుమందేటి? కూచో, అక్కడే కూచో, నానే వస్తన్నాను. ఇదిగో తువ్వాలు. ఏడవకే గుంటా, కొండెక్కడికీ పోదు. అది నడవలేదు గదా.

ఫోనిలా తే. మీ కోచ్‌కి నానే చెప్తాను. “తాతకి మోకాలు పట్టేసింది సార్, మనవరాలు లేకపోతే లేవలేడు” అంటాను. నవ్వేవా? అదీ. డాక్టరు సరేనన్నాక సింహాచలం ఎల్దాం. నువ్వు నడిచెక్కు, నాను బస్సులో వస్తాను. దిగేటప్పుడు నీకు కిటికీ సీటు ఆపుతాను. నా అంత వయసొచ్చినా నీ కాళ్ళతో నువ్వే మెట్లు దిగాలి తల్లీ, చుక్క ఒలక్కుండా... ఇంతకీ చెంబు సొట్టపడిందేమో చూడు. మీ నాన్నమ్మ పుట్టింటిదది. ఆవిడడిగితే... అప్పల్రాజు బావ పడేసేడని చెబుదాంలే.