బెల్టు మీద ఉండాల్సిన జాలీ

హలో… ఆఁ, నేనేనండీ, ఎలీసమ్మని. మన కారం మిల్లు నుంచే…

అంకమ్మరావుగారూ, మిల్లు ఆగింది… కరెంటు పోలేదండీ. ఆపింది నేనే.

బసవమ్మ పమిటకొంగు మోటారు బెల్టులో పడింది… ఆఁ, మనిషి బాగానే ఉంది. పాత చీర గాబట్టి చిరిగి వదిలింది. కొత్తదైతే ఈపాటికి మనిషినే లాక్కునేది… నీళ్ళు తాగించాం. గోడకానుకుని కూర్చుంది.

ఏందీ?… జాగ్రత్తగా ఉండాలా? ఆ మాట గోడ మీద బోర్డు కూడా చెప్తందిగా. సగం కారం కప్పేసింది, సగం మీ ఎరువుల కొట్టు క్యాలెండరు కప్పేసింది.

బెల్టు మీద ఇనప జాలీ ఉంటే కొంగెట్టా పడుద్దండీ?… ఉందా? ఎక్కడుందీ! దసరాకి చక్రానికి బొట్లు పెట్టాలని మీరే ఊడదీయించారు… చర్చికి పోయేదాన్నే, అయినా మీ పూజ కొబ్బరిముక్క నేనూ తిన్నా, కాదనను. మళ్ళా బిగించే మాట మాత్రం ఎవరూ ఎత్తలా.

…మిల్లులో వెతకాలా? వెతకక్కర్లా. మీ వెనకాల కియ్యోకియ్యోమంటన్నాయే, ఆ కోడిపిల్లల మీద ఉంది… అవునండీ, అదే. కాకులెత్తుకుపోతన్నాయని మీ ఆవిడగారు పట్టికెళ్ళారు.

…పాపం పసివే. కోడిపిల్లలకి జాలీ, మాకు కొబ్బరిముక్కా?

…సరుకు లారీ వచ్చిందని తెలుసు. హారన్ కొడతానే ఉన్నాడు. కొట్టుకోనీండి.

…మోటారు చూసే త్రినాథ్‌కా? ఇస్తా, మాట్లాడండి. కానీ అతనేం చేస్తాడు? ఫ్యూజు నా క్యారేజీలో ఉంది, పచ్చడి గిన్నె కింద.

…తీసేయండి పనిలోంచి. బసవమ్మ కేక నేను విన్నా. భయమేసిందండీ. చెయ్యి పోతే ఎవరు తెచ్చిపెడతారు?

…మీరే వచ్చి నడుపుతారా? భేషుగ్గా రండి. ఫ్యూజు మీ చేతికే ఇస్తా… నిజంగానే. కాకపోతే ఆ పంచె విప్పేసి రండి. కుచ్చిళ్ళు సరిగ్గా బెల్టుకి అందే ఎత్తులో ఉంటాయి.

హలో?…

ఆ కోడిపిల్లలు ఒక్కసారే గోల పెట్టాయేందండీ?…

…ఆఁ. జాలీ తెస్తన్నారా? మెల్లగానే రండి, తొందరేం లేదు. లారీ ఆయనకి టీ నేను పోయిస్తాలే… ఆఁ, బోల్టులు కూడా. పెట్టేస్తన్నా.