అందరికీ ఒకటే కోటు

(సూర్యాపేటలో లాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం. కోదాడలో ఫ్లెక్సీల షాపు నడిపే ఊర్మిళ తన పాత లాప్‌టాప్‌తో వచ్చింది. తులసీరాం దాన్ని ముందేసుకుని కూర్చున్నాడు.)

“తెర మళ్ల నల్లగైంది సూడక్కా. తక్కిన ఫైళ్లన్ని మంచిగనే తెరుసుకుంటున్నయి. ఇదొక్కటే సతాయిస్తున్నది.”

“నాకు కావాల్సింది ఇదొక్కటే తులసీరాం. ఇందులోంచి ఒక్క ఫొటో బయటికి తీసివ్వు చాలు. ఆ తర్వాత ఈ లాప్‌టాప్ ఏమైనా కానీ.”

“పదేండ్ల మిషన్ ఇది. గ్రాఫిక్స్ చిప్పు ముసల్దయింది. మొన్న అప్‌డేట్ గిట్ల కొట్టిన్రా?”

“నేను కొట్టలేదు, అదే కొట్టుకుంది. అప్పట్నించి ఇంతే. తెర నల్లబడుద్ది, డ్రైవర్ ఆగిపోయిందని మెసేజ్ వస్తది.”

“గదే మరి. కొత్త డ్రైవర్ ఈ పాత చిప్పుకు పడ్తలేదు. దాన్ని పీకేసి పాతది ఎక్కిస్త. రేపు పొద్దుగాల రా అక్కా.”

“ఇవాళే కావాలి. రేపటి సంగతి నాకు తెలియదు.”

“సరే, జర కూసో. ఇంత పెద్ద ఫైల్ ఏందక్కా? ఏమున్నది ఇండ్ల?”

“శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. మగవాళ్లవన్నీ ఒకే ఫైల్లో చేస్తాం. ఒకరి తలకాయ తీసి ఇంకొకరిది పెట్టుకుంటూ పోవడమే. కింద ఒళ్లు మాత్రం మారదు.”

“ఏం ఒళ్లు?”

“కోటు వేసుకుని దండం పెట్టే ఒళ్లు. ఊళ్లలో వాళ్లకి మంచి ఫొటో ఎక్కడుంటది చెప్పు? రేషన్ కార్డు మీదిదో, పెళ్లి గుంపులో చివర నిలబడిందో తెస్తారు. ఆ తలకాయ కోసి దీని మీద అతికిస్తాం.”

“మరి ఒళ్లు ఎవలిది?”

“మా ఆయనది. మా రిసెప్షన్‌లో దిగిన ఫొటో. తన తలకాయ విడిగా కోసి అన్ని పొరల కింద, అట్టడుగు లేయర్లో దాచిపెట్టాడు. ఇప్పుడు నాకు ఆ తలకాయ కావాలి. దాన్ని ముట్టుకుంటేనే తెర నల్లబడుతుంది.”

“అంటే... నాగేషన్న...”

“పని చూడు తమ్ముడూ.”

“అయ్యో. నాకు తెల్వదక్కా. ఒక్కలు గూడ సెప్పలే.”

“ఎక్కిందా పాతది?”

“ఎక్కుతున్నది. ఫోన్ల ఇంకో ఫొటో లేదా అక్కా?”

“బోలెడున్నాయి. అన్నీ దవాఖానల చుట్టూ తిరిగినప్పటివే. ఆ మొఖం వద్దు.”

“అక్కా, ఒక మాట అడుగుత. మా బాపుది గూడ మీ తాననే ఏసిన్రు గద?”

“వీరయ్య గారిదా? మేమే. పెన్‌పహాడ్‌లో కట్టారు.”

“మా బాపు పుట్టినకాంచి కోటు తొడగలే. ఆ రోజుల్ల నేను సోయిల లేను, ఫ్లెక్సీల ఏమున్నదో సూడలే. తర్వాత గదే ఫొటోకు ఫ్రేమ్ కట్టించినం. అండ్ల చిటికెనేలు వంకరుంటది. మీ బాపుకు ఈ ఏలు ఎన్నడు ఇరిగిందిరా అని మా అమ్మ ఎన్నిసార్లడిగిందో.”

“పదో తరగతిలో విరిగింది. కబడ్డీ ఆడుతుంటే. మా ఆయనకి.”

“అమ్మ రోజు ఆ చేతులకు బొట్టు పెడ్తదక్కా.”

“చెప్పకులే ఆమెకి.”

“ఏమని సెప్పాలె?”

“కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా వెళ్లి చూడు. ఏ స్తంభం చూసినా మా ఆయనే దండం పెడుతూ ఉంటాడు. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం మానేశాను. ఆయనకి నవ్వులాట. నాలాగా ఇన్నిసార్లు చచ్చినోడు ఈ జిల్లాలో లేడనేవాడు.”

“అట్లనక్కా... ఆ, ఎక్కింది. ఇంకొకటి సేస్త. సాఫ్ట్‌వేర్ ఆ చిప్పును వాడకుండ టిక్ తీసేస్త. పని మెల్లగ అయితది గని మధ్యల ఆగిపోదు. ఇగో, ఫైల్ తెరుసుకుంది. అబ్బ, ఎంతమందున్నరు! బాపు గూడ ఉన్నడు.”

“ఆగకు. కిందికి పో. అట్టడుక్కి.”

“ఒకదానికి ‘నేను’ అని పేరుంది.”

“అదే. పక్కనున్న కన్ను బొమ్మ నొక్కు, కనిపిస్తది.”

“నొక్కిన.”

“నల్లబడిందా? తులసీరాం? నేను చూడను, నువ్వే చెప్పు. నల్లబడిందా?”

“లేదక్కా. వచ్చిండు.”

“ఏదీ... ఎంత జుట్టు ఉండేది తమ్ముడూ! మర్చేపోయాను.”

“నీళ్లు తాగు అక్కా. తాగు. కింద అక్షరాలు గూడ పెట్టే ఉన్నయి. అన్న పేరు, పుట్టిన తారీఖు. పోయిన తారీఖు కాడ ఖాళీ ఉన్నది. నేను కొట్టనా?”

“వద్దు. ఖాళీగానే ఉంచి నా ఫోన్‌కి పంపు.”

“తారీఖు లేకుంట ఎట్ల ప్రింట్ ఏస్తరక్కా? కంపోజ్ సేసినోళ్లు మర్సిపోయినట్టున్నరు.”

“మర్చిపోలేదు, ఆయనే కంపోజ్ చేసుకుని ఖాళీ వదిలాడు. వచ్చిందా నాకు? ఆ, వచ్చింది. పంపించాను. చూశాడు కూడా. అదిగో, ఫోన్ చేస్తున్నాడు. ఏవండీ, బాగుందా? గట్టిగా మాట్లాడకండి, దగ్గొస్తది. ఇదిగో తమ్ముడూ, తీసుకో. నీతో మాట్లాడతాడంట.”