గిరిబాబు పంపిన బిల్లులు

ఈ వృత్తాంతం నేను కళ్ళారా చూసినది కాదు. పంజాగుట్టలో మా పొరుగున ఉండే హనుమత్ప్రసాద్ గారు, సోమాజిగూడలోని ఒక మందుల కంపెనీలో లెక్కల విభాగాన్ని నడిపినవారు, ఒక ఆదివారం కాఫీ వేళ నాకు చెప్పారు. ఆయన అతిశయోక్తి ఎరుగని మనిషి, కోతలన్నీ గిరిబాబువే.

సాఫ్ట్‌వేరు జోరు మీదున్న రోజులు. అమీర్‌పేటలో మొగిలయ్య చాయ్ బండి దగ్గర సాయంత్రాలు శిక్షణ సంస్థల విద్యార్థులు గుమిగూడేవారు. వారిలో రజనికి మర్నాడే ఇంటర్వ్యూ. కంపెనీ సాఫ్ట్‌వేరులో బిల్లు తయారుకాగానే కొనుగోలుదారుకు ఈమెయిలుగా వెళ్ళే ఏర్పాటు ఎలా చేయాలో తప్పక అడుగుతారని ఆమె భయం. ఈసారీ ఉద్యోగం రాకపోతే హాస్టల్ ఖాళీ చేసి సిరిసిల్ల తిరిగిపోవాలి. అందుకే, తనకంటే ముందు కోర్సు పూర్తిచేసిన గిరిబాబును అడిగింది.

"గదేం పెద్ద పని? మొన్న మన ఇన్‌స్టిట్యూట్ల కూసొని ఒక బిల్లుకు మెయిల్ పెట్టిన. ఎవలకు పోవాలె, ఎప్పుడు పోవాలె అన్నీ రాసిన, బటన్ నొక్కిన, కంప్యూటర్ తెర మీద పచ్చలైటు వెలిగింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది దొరా?" అన్నాడు మొగిలయ్య, చాయ్ వడపోస్తూ.

"సార్లంత లేసి చప్పట్లు! గంతల్నే ఒక సిమెంటు కంపెనోళ్ళు నాకోసం కారు పంపిండ్రు. పోయి లచ్చ బిల్లులు ఒక్కపారి పంపిన. యూసుఫ్‌గూడ నుంచి జర్మనీ దాంక పచ్చలైట్లే! నడుమ కరెంటు పోయింది, అయినా నా మెయిళ్ళు ఆగలే, చీకట్ల తొవ్వ చూసుకుంట పోయినయి."

"జనరేటర్ సుత లేకుండనా?" అన్నాడు పక్కనున్న విద్యార్థి ఒకడు.

"నేనున్న గద భాయ్! కంప్యూటరే లేని దుకాణపాయన టీవీ చూస్తుంటే, వార్తల కింద నా బిల్లు వచ్చింది. ఇంకొకాయన సిమెంటు కొందామని మనసుల అనుకున్నడు, గంతే, బిల్లు ముందుగాల్నే చేరింది! పోస్టుమ్యాన్లొచ్చి, 'జర మెల్లగ పంపన్నా, మా నౌకరీలు పోతున్నయి' అని బతిమిలాడిండ్రు."

అందరూ నవ్వారు. రజని నవ్వలేదు.

"అన్నా, ఇన్‌స్టిట్యూట్ల నేను సుత నా అడ్రస్‌కే ఒకటి పంపుకున్న. పచ్చలైటు వచ్చింది. రోజూ నెట్ సెంటర్‌కు పోయి చూస్తున్న, మెయిల్ మాత్రం రాలే. ల్యాబ్ సార్‌ను అడిగితే, మన ప్రాక్టీస్ సర్వర్‌కు బయటికి తొవ్వే లేదన్నడు. నీ మెయిల్ అందిందని ఎవలన్న ఒక్కలు చెప్పిండ్రా?"

గిరిబాబు గ్లాసు కింద పెట్టాడు. "పచ్చలైటొస్తే పోయినట్టే గద?" అన్నాడు. ఆ గొంతులో ఈసారి కోత లేదు.

బెంచీ చివర చాయ్ తాగుతున్న హనుమత్ప్రసాద్ గారు అప్పుడు కలుగజేసుకున్నారు. "కాదు బాబూ. మా కంపెనీ బిల్లులు ఇలాగే వెళ్తాయి, నేను రోజూ చూసేదే. ఉత్తరం సిద్ధమై టపా ట్రేలో పడిందనే ఆ దీపానికి అర్థం. ట్రేలోంచి తీసి పంపే పని ఇన్ని నిమిషాలకోసారి దానంతటదే నడిచేలా వేరుగా షెడ్యూల్ చేయాలి, బయటి మెయిల్ సర్వర్‌కు దారి చూపాలి. ఇక్కడ నేర్చుకున్న వాళ్ళంతా ఆ దీపం దగ్గరే ఆగిపోతారు, మెయిలు చేరడం ఎన్నడూ చూడలేదు కనుక. ఈ అమ్మాయి ఒక్కతే అవతలి గడప దాకా వెళ్ళి చూసింది."

మర్నాడు ఇంటర్వ్యూలో, పచ్చదీపం వెలిగాక ఏం చేస్తావని అడగనే అడిగారట. "పంపే పని నడుస్తోందో లేదో చూస్తాను. ఆ పైన, అందుకోవాల్సిన వాళ్ళకు ఫోన్ చేసి అడుగుతాను" అన్నది రజని. ఉద్యోగం వచ్చింది. ఏడాది తిరగకముందే యూసుఫ్‌గూడలో ఇల్లు తీసుకుని తల్లిని తెచ్చుకుంది. మెట్రో పనులప్పుడు మొగిలయ్య బండి పక్క సందులోకి జరిగి దుకాణమైంది. హనుమత్ప్రసాద్ గారు పదవీ విరమణ చేసి, మనవరాలికి లెక్కలు చెబుతున్నారు. గిరిబాబు తాను చదివిన శిక్షణ సంస్థలోనే డెమో క్లాసులు చెప్పే అధ్యాపకుడయ్యాడు, హాలు కిక్కిరిసిపోతుందట. యజమాని వెంటపడి ల్యాబు సర్వరుకు బయటి దారి పెట్టించింది కూడా అతడే. ఇప్పుడు అక్కడి విద్యార్థుల మెయిళ్ళు నిజంగానే చేరుతున్నాయి. ఎన్ని చేరాయని మాత్రం అతణ్ణి అడగకూడదు.