లిస్టుల లేని నంబరు

నల్లగొండ, 1999. ఖుద్దూస్ నడిపే ఇంటర్నెట్ సెంటర్. రేపు ఇంటర్ రిజల్ట్. ఖుద్దూస్‌తో మాట్లాడుతున్నది రెండు నెలల కింద పనికి కుదిరిన ఎల్లస్వామి.

"జనాన్ని సర్వర్లకు పంచే లక్షల పెట్టెనా? లక్షలు నేనేడికెల్లి తేవాలె ఎల్లస్వామీ? నన్నమ్మినా రావు."

"గా పెట్టె వద్దనే అంటున్న భాయ్. మీరే ఇంటలేరు."

"మరి నిరుటి లెక్కనే వంతులు పెట్టు. మొదలొచ్చినోడు ఒకటో సర్వర్‌కు, ఎనకొచ్చినోడు రెండుకు, గా ఎనకోడు మూడుకు. పైస ఖర్చు లేదు."

"సర్వర్ పండుకున్నా వంతు ఆగదు గద భాయ్. బస్టాండ్ల లోపల మనిషే లేని కిటికీ కాడికి జనాన్ని తోలినట్టుంటది."

"ఏమైతది? పేజీ రాదు. మల్ల కొడ్తరు."

"పేజీ రాకపోతే ఫికర్ లేదు. వచ్చి, నంబరు లేదు అంటెనే..."

"అంటే?"

"పేపర్ల పాసైనోళ్ల నంబర్లే ఏస్తరు. నంబరు లేదంటే మనోళ్లకు ఒక్కటే లెక్క. ఫేల్."

"ఛాయ్ తాగుతవా?"

"నిరుడు రెండో సర్వర్ల లిస్టు సగమే ఎక్కింది గద?"

"ఎవడు చెప్పిండు నీకు?"

"సర్వరే చెప్పింది. పాత ఫైలు అట్లనే ఉన్నది. తొమ్మిదింటికి ఆగిపోయింది. మీరెప్పుడు చూసిన్రు?"

"చూసిన, చూసిన."

"ఎప్పుడు భాయ్?"

"పదకొండుకు."

"రెండు గంటలు."

"తలుపులు ఇరగ్గొడుతున్నరు ఎల్లస్వామీ! ఇక్కడ ఇరవై సీట్లు, నార్కట్‌పల్లి బ్రాంచీల ఆరు, అందరికీ గీ మూడు సర్వర్లే. ఏది చూడాలె నేను?"

"లేదని ఎందరికి చెప్పిన్రు?"

"లెక్కబెట్టిన్నా? ఒక పిల్ల మాత్రం యాదికుంటది. ఒక్కతే వచ్చింది. హాల్‌టికెట్ మడతబెట్టి పిడికిట్ల పట్టుకున్నది. నేనే కొట్టిన నంబరు. లేదమ్మా అన్న."

"ఏమన్నది?"

"ఇంకోపాలి చూడన్నా అన్నది."

"చూసిన్రా?"

"ఎనక మంది ఉన్నరు, జరుగమ్మా అన్న."

"పక్క సీట్ల కొట్టినా వస్తుండె."

"ఎరుకనే! నాకెరుకనే. మాపటికి చూస్తె పాసు. ఫస్ట్ క్లాస్. స్కూటరేసుకొని ఉరికిన వాళ్లూరికి. పొలిమేర కాడనే ఏడుపులు ఇనొచ్చినయ్. అప్పటికే పానం తీసుకున్నదంట."

"ఇంటికి పోయిన్రా?"

"ఏ మొకం పెట్టుకొని పోత? అక్కడికెల్లే మర్లొచ్చిన. ఇగ ఎవ్వరికీ చెప్పలే. మా తాహేరాకు గూడ చెప్పలే, ఇంట్ల మనిషికి."

"నాకెందుకు చెప్తున్నరు?"

"నువ్వడిగినవ్. ఏడాదిల ఎవ్వరూ అడగలే. సరె, చెప్పు. ఏం జేద్దాం? చేతుల పైసల్లేవ్, రేపే రిజల్ట్."

"మూలకు పడ్డ పాత కంప్యూటర్‌ను మూడిటికి ముందల పెట్టిన. పుస్తకం ఎంబడొచ్చిన సీడీల సాఫ్ట్‌వేర్ ఉండె, అదే ఎక్కించిన, పైస గూడ కాలే. అదే జనాన్ని పంచుతది. పది సెకండ్లకోపాలి ఒక్కో సర్వర్‌ను ఒక నంబరు అడుగుతది. పాసని చెప్తెనే దాని కాడికి మనుషులను పంపుతది. నంబరు లేదన్నదా, పక్కకు పెడ్తది."

"గంతేనా?"

"గంతే."

"గింత చిన్న పనా! నిరుడు గిదుంటే... నాకు తెల్వకపాయె. నీకెట్ల తట్టింది?"

"ఏడాది సంది వేరే ఏం తట్టలే భాయ్. హైదరాబాద్ పోయి పది నెలలు గిదొక్కటే నేర్చుకొని వచ్చిన."

"జీతం ఎంతిస్తరని గూడ అడగకుంట కుదిరినవ్ నువ్వు."

"అడగాలనిపియ్యలే."

"సర్వర్లను ఏ నంబరు అడుగుతది?"

"నిరుటిది ఒకటి. మూడిట్ల లిస్టు ఆఖర్ల నేనే కలిపిన, లిస్టంత ఎక్కితెనే దొరుకుతది."

"చదువు."

"మూడు, ఒకటి, సున్న, ఏడు, నాలుగు..."

"ఆగు. ఎనిమిది, రెండు. గది గా పిల్లదే. నీకెట్ల ఎరుక గా నంబరు?"

"మా చెల్లె అండాలుది. రేపు పొద్దుగాల సంది మాపటిదాక, గీ మూడు సర్వర్లు గామె పాసైందని చెప్తనే ఉండాలె."